నాకు తెలిసిందా, నేను తెలుసుకున్నానా?

నాన్నకు గుండెలో ఇబ్బందిగా ఉందంటే నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి పంపే రోజున డాక్టరుగారు మందుల చీటీ నా చేతిలో పెట్టి, ఏది ఎప్పుడు వెయ్యాలో నెమ్మదిగానే చెప్పారు. చివర్లో "అర్థమైందామ్మా?" అని అడిగారు. "అర్థమైందండీ" అన్నాను. ఆ రాత్రి తొమ్మిదింటికి మంచం పక్కన ఐదు రకాల బిళ్లలు పరుచుకుని కూర్చున్నాను. ఒకటి పరగడుపున వెయ్యాలి. ఒకటి సగానికి విరిచి ఇవ్వాలి. ఒకటి రోజు విడిచి రోజు. ఏది ఏదో తేలడం లేదు. నాన్న నా మొహం చూసి, "అర్థమైందని చెప్పావు కదమ్మా" అన్నాడు.

నేను డాక్టరుగారికి అబద్ధం చెప్పలేదు. ఆయన చెబుతున్నంతసేపూ ప్రతి ముక్కా నాకు అర్థమైంది. నేను అర్థం చేసుకోలేదు, అంతే.

ఈ అధ్యాయమంతా ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరం గురించే. మనిషి మారడానికి పెద్ద పెద్ద సంకల్పాలు కావాలని చాలా పుస్తకాలు చెబుతాయి. నేను మిమ్మల్ని ఒక చిన్న పని అడుగుతున్నాను. తెలియడం గురించి, గ్రహించడం గురించి మాట్లాడేటప్పుడు మీ నోట ఏ క్రియ వస్తోందో వినండి. మన భాష ఈ విషయంలో చాలా నిక్కచ్చి. ఎలా తెలిసింది, ఎంత తెలిసింది, దానికి మనం పడ్డ శ్రమ ఎంత అన్న లెక్కలన్నీ క్రియలోనే దాచి ఉంచింది. మనమే తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి వాడేసి చిక్కుల్లో పడుతున్నాం.

ముందు ‘నాకు’ సంగతి చూద్దాం. నాకు తెలిసింది, నాకు అర్థమైంది, నాకు బోధపడింది, నాకు తట్టింది, నాకు తోచింది, నాకు అనిపించింది, నాకు కనబడింది, నాకు వినబడింది, నాకు గుర్తుకొచ్చింది. వీటిలో ఎక్కడా ‘నేను’ లేదు. తెలిసిన మనిషి వాక్యంలో పెద్దపీట ఎక్కడు, పక్కన నిలబడతాడు. క్రియ కూడా ఆ మనిషి మాట వినదు. "ఇన్నేళ్లకు మీరు నాకు అర్థమయ్యారు" అన్నప్పుడు ‘అయ్యారు’ అన్నది మిమ్మల్ని చూసి వచ్చిన రూపం, నన్ను చూసి కాదు. అర్థమైన మనిషిదే వాక్యం. అర్థం అందినవాళ్లం మనం. తమిళులు, కన్నడిగులు, హిందీవాళ్లు కూడా ‘తెలుసు’ అనడానికి ఇలా ‘నాకు’తోనే మొదలుపెడతారు. కాబట్టి ఇది ఒక్క మన ఇంటి అలవాటు కాదు. అయినా మన ఇంట్లో ఇది ఎంత లోతుగా ఉందో గమనించాలి. తెలంగాణలో ఉర్దూ మాటను తెచ్చుకుని కూడా "నాకు సమజైంది" అనే అంటారు. మాట మారింది, కూర్పు మారలేదు.

ఇక రెండో వరస. తెలుసుకున్నాను, అర్థం చేసుకున్నాను, ఆకళింపు చేసుకున్నాను, గుర్తుచేసుకున్నాను, నేర్చుకున్నాను. ఇక్కడ ‘నేను’ వచ్చి ముందు నిలబడింది. దాన్ని నిలబెట్టింది చివర్లో ఉన్న ‘కొను’. వండాడు అంటే ఎవరికోసమైనా కావచ్చు. వండుకున్నాడు అంటే తన కోసం. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసినప్పుడూ, భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో ఆధునిక తెలుగుకు ఇంగ్లిషులో వ్యాకరణం రాసినప్పుడూ ఈ ‘కొను’ సంగతి పట్టించుకున్నారు. బజార్లో బియ్యం కొనడం కూడా ఆ మాటే. తెలుసుకోవడం అంటే తెలివిడిని చెయ్యి చాపి పుచ్చుకోవడం, దానికి ఏదో ఒక వెల చెల్లించడం. రాసుకోవడం, తిరిగి అడగడం, ఇంకోసారి చదవడం, నిద్ర మానుకోవడం, ఒక్కోసారి ‘నాకు రాదు’ అని పదిమందిలో ఒప్పుకోవడం. ఆసుపత్రిలో నేను చెల్లించనిది అదే.

అలాగని ‘నాకు’ తక్కువది, ‘నేను’ ఎక్కువది అని చెప్పడం లేదు. అలా చెప్పే పుస్తకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. అంతా పట్టుదలతోనే అయిపోతుందని అవి అంటాయి. మన భాష అలా అనదు. ‘తెలియు’ అన్న క్రియను చూడండి. తెల్ల, తెలి, తేట, తెలియు అన్నీ ఒకే కుదురు మాటలు. తమిళంలో ‘తెళి’ అన్నా తేటపడటమే. బురద కలిసిన నీళ్లు ఊరికే ఉంచితే మట్టి అడుక్కి దిగి, పైన తేట తేలుతుంది చూడండి, తెలియడమంటే మొదట అది. తెల్లవారడమూ అంతే, చీకటిని ఎవరూ తోసెయ్యనక్కర్లేదు. తెలివి తప్పిన మనిషికి తెలివి వచ్చిందంటాం. అక్కడ తెలివి అంటే చురుకుదనం కాదు, మెలకువ.

ఏటి నీళ్లు తాగే ఊళ్లలో వరదల రోజుల్లో ఎర్రటి నీళ్లు తెచ్చి కుండలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపేవారు. కాసేపటికి మడ్డి దిగి నీళ్లు తేరుకునేవి. గింజ అరగదీయడం మన చేతిలో ఉంది. తేరుకోవడం నీళ్ల పని. గింజ వేసినవాళ్లు ఆత్రం కొద్దీ కుండ కదిపితే మళ్లీ మొదటికొస్తుంది. చదువులోనైనా, మనుషులతోనైనా నేను చూసింది ఇదే. ‘నేను తెలుసుకుంటున్నాను’ అన్న పనిని బుద్ధిగా చేసి, ‘నాకు తెలిసింది’ అన్నది వచ్చేదాకా ఆగాలి. మొదటిది చేయకుండా రెండోదాని కోసం కూర్చుంటే అది రాదు. మొదటిది చేసిన మరుక్షణమే రెండోది రాలేదని కుండ కదిపినా రాదు.

ఈ సంగతి ఇంకా తేలికగా కనబడే చోటు ‘వచ్చు’. ఈత వచ్చు, వంట వచ్చు, తెలుగు వచ్చు అంటాం. విద్య మన దగ్గరికి నడిచి వస్తుందన్నమాట. ఏడో తరగతి పిల్లాడు "నాకు లెక్కలు రావు" అని పుస్తకం మూసేశాడనుకోండి. ఆ వాక్యంలో వాడి తప్పేమీ లేదు, కానీ వాడికి చెయ్యడానికి పనీ లేదు. లెక్కలు రాకపోతే వాడేం చేస్తాడు? ఆ వాక్యాన్ని ‘నేను’తో చెప్పించండి. "నేను భిన్నాల కూడిక ఇంకా నేర్చుకోలేదు" అనిపించండి. లెక్కలన్నీ పోయి ఒక్క భిన్నాల కూడిక మిగిలింది. ‘రావు’ అన్నది పోయి ‘ఇంకా’ అన్నది వచ్చింది. వారం తర్వాత వాడే వచ్చి "వచ్చేసింది" అంటాడు. అప్పుడు ‘నాకు’ అనే హక్కు వాడికుంది. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఈ ఒక్క మార్పు చేసి చూడండి. వాడిని ఓదార్చడం కన్నా, తిట్టడం కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం.

ఇప్పుడు మనసులో చాలాకాలంగా మెదులుతున్న సంగతి ఒకటి చెబుతాను. అర్థమవడం రెండు రకాలుగా చెప్పవచ్చు: నాకు అర్థమైంది, నేను అర్థం చేసుకున్నాను. మరి అపార్థం? "నువ్వు నన్ను అపార్థం చేసుకున్నావు" అంటాం. "నాకు అపార్థమైంది" అని ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. సరైన అర్థం దానంతటది నడిచి రావచ్చునని మన భాష ఒప్పుకుంటుంది. తప్పుడు అర్థం మాత్రం దానంతటది రాదు. దాన్ని మనం చేసుకుంటాం. పక్కన ‘కొను’ కూడా ఉంది, అంటే మన కోసమే చేసుకుంటాం. ఎదుటివాళ్లు ఒక మాట అన్నారు. దానికి నాలుగు అర్థాలున్నాయి. అందులో మన పాత దెబ్బకు సరిపోయేదాన్ని ఏరుకుని ఇంటికి పట్టుకెళ్లాం. ఎవరితోనైనా మాటలు ఆగిపోయినప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: వాళ్లు చెప్పింది నాకు అర్థమైందా, నేనే దానికో అర్థం కల్పించుకున్నానా? రెండోదైతే, ఏరుకోకుండా వదిలేసిన మిగతా మూడు అర్థాలు ఏమిటి? కాగితం మీద రాయండి. రాస్తుంటేనే చెయ్యి నెమ్మదిస్తుంది.

క్రియ చివర ఉండే చిన్న చిన్న తోకల గురించి కూడా చెప్పాలి. అసలు గొడవలు అక్కడే పుడతాయి.

మా బంధువుల్లో ఒక పెద్దాయన, వరసకు చిన్నాన్న, పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని మండలాఫీసు మెట్ల మీద కనబడ్డాడు. చూసినవాళ్లు మా పెద్దమ్మకు ఫోన్ చేసి, "మీ మరిది పాసుపుస్తకంతో ఆఫీసు దగ్గర కనిపించాడు" అన్నారు. అంతవరకూ కళ్లు చూసిన మాట. పెద్దమ్మ తన కూతురితో "పొలం అమ్ముతున్నాడేమో" అంది. ఇది ఊహ, ‘ఏమో’ అని తోక తగిలించి నిజాయితీగానే చెప్పింది. కూతురు హైదరాబాదులో ఉన్న తమ్ముడితో "చిన్నాన్న పొలం అమ్ముతున్నాడట" అంది. తమ్ముడు ఇంకొకరితో "అమ్ముతున్నాడు" అన్నాడు. సాయంత్రానికి మా ఇంటికి చేరిన మాట "అమ్మేశాడు". ‘కనిపించాడు’ నుంచి ‘అమ్మేశాడు’ దాకా ఐదు మెట్లు. ఏ మెట్టు మీదా ఎవరూ కావాలని అబద్ధం ఆడలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క తోక కోశారు. ఆయన వెళ్లింది పాసుపుస్తకంలో ఇంటిపేరు తప్పుపడితే సరిచేయించుకోవడానికి. అన్న కొడుకులు వరసగా ఫోన్లు చేసి "మాతో ఒక్క మాటైనా చెప్పలేదేం" అని అడిగేసరికి ఆ మనిషి చాలా నొచ్చుకున్నాడు. ఆ సంక్రాంతికి ఎవరింటికీ రాలేదు.

‘అట’ ఎంత విలువైన మాటో నాకు ఆ రోజు తెలిసింది. తెలంగాణలో ‘అంట’ అంటారు: "పోయిండంట", "అమ్మిండంట". ఈ సంగతి నేను చూడలేదు, ఎవరో అంటే విన్నాను, పూచీ నాది కాదు అని ఇంత పొడుగు మాటను ఒక్క చిన్న తోకతో చెప్పే వీలు మన భాషలో ఉంది. ఇంగ్లిషులో చెప్పాలంటే దీనికి వేరే మాటో, వాక్యమో అదనంగా కావాలి. మనకు అది నాలుక చివరే ఉంది. అందుకే దాన్ని రాల్చుకోవద్దని బతిమాలుతున్నాను. విన్నదాన్ని ‘అట’తో చెప్పండి. ఊహించినదాన్ని ‘ఏమో’తో, ‘కాబోలు’తో చెప్పండి. ఆనవాళ్లను బట్టి తోచినదాన్ని ‘లా ఉంది’తో చెప్పండి: "వర్షం వచ్చేలా ఉంది", "ఆవిడ అలసిపోయినట్టుంది". కళ్లారా చూసినదాన్ని మాత్రమే బోడిగా చెప్పండి. ఫోన్లో వచ్చిన సందేశం ఇంకొకరికి పంపేముందు దాని చివర ‘అట’ చేర్చి ఒకసారి చదువుకోండి. "ఫలానా ఆకు రసం తాగితే షుగరు తగ్గిపోతుందట." చేర్చిన తర్వాత పంపాలనిపించకపోతే పంపకండి.

పత్రికల్లో "అని తెలిసింది" అని వస్తుంది చూడండి, దాని దగ్గర కూడా ఒక్క క్షణం ఆగాలి. తెలిసింది సరే, ఎవరికి? ‘నాకు’ అన్న మాట కోసేసిన వాక్యం అది. ఇంట్లో మనమూ అలా మాట్లాడతాం. "నీ సంగతి తెలిసిందిలే" అంటాం. ఎవరు చెప్పారో చెప్పం. అవతలి మనిషి ఎవరికి జవాబు చెప్పాలో తెలియక నిలబడిపోతాడు.

‘తెలిసింది’ ఒక క్షణంలో జరిగే పని. ‘తెలుసు’ అలా కాదు. దానికి నిన్న లేదు, రేపు లేదు. "నాకు అప్పుడే తెలుసు", "నాకు ఇప్పుడూ తెలుసు", రెండు చోట్లా అదే రూపం. కదలని క్రియ అది. అందుకే కాబోలు, మాటల మధ్యలో పడితే అది మాటలనూ కదలనివ్వదు. కొడుకు ఏదో చెప్పబోతుంటే "నాకు తెలుసు" అంటాం. భార్య మొదలుపెట్టగానే "తెలుసు, తెలుసు" అంటాం. రెండోసారి అన్న ‘తెలుసు’కు అర్థం ‘ఇక చాలు’ అనే. తెలిసినా సరే, ఒక నెలపాటు ఇంట్లో ఆ మాటకు బదులు "చెప్పు" అని చూడండి. తెలిసిన సంగతే చెబుతారు, నిజమే. కానీ చెప్పే తీరులో తెలియనిది ఏదో ఒకటి ఉంటుంది.

‘తెలుసు’కు పక్కింటి మాట ‘ఎరుగు’. దీని నడక వేరు. "ఆయన నాకు తెలుసు" అంటాం. ‘ఎరుగు’ దగ్గరికొస్తే "ఆయన్ని నేనెరుగుదును" అంటాం. ఇక్కడ ‘నేను’ మళ్లీ వచ్చింది. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అన్న సామెతలో ఎద్దు పక్కన ‘కు’ ఉంది; ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నప్పుడు ఆకలీ నిద్రా తామే కర్తలై కూర్చున్నాయి. ‘ఎరుగు’లో పాత పరిచయం ఉంది, కలిసి గడిపిన కాలం ఉంది. ‘ఊరూ పేరూ తెలుసు’ వేరు, ‘మనిషిని ఎరుగుదును’ వేరు. కోస్తా మాటల్లో ఈ క్రియ పలచబడిపోతోంది గానీ, తెలంగాణ ఊళ్లలో "నాకెరుకే", "ఎర్కలేదు" అని పొద్దున లేస్తే వినబడుతుంది. వేదాంతులు ఆత్మజ్ఞానానికి వాడిన ఎరుక అన్న మాటే సంతలో బస్సు వేళకూ పనికొస్తోంది. నాకు అది ఎంతో బాగుంటుంది.

ఇప్పుడు పెద్దపిల్లలున్న తల్లిదండ్రుల కోసం మూడు క్రియలు. పసిగట్టడం, కనిపెట్టడం, గ్రహించడం. పసి అంటే వాసన. కుక్క దొంగను పసిగడుతుంది, లేడి పులిని పసిగడుతుంది. అవతల ఉన్నది దాక్కున్నదైనా, ప్రమాదమైనా అయి ఉండాలి. గ్రహించడం అంటే అందుకోవడం. చెప్పని మాటను, చెప్పలేని మాటను అందుకోవడం. "అన్నం వద్దన్నాడంటే ఏదో జరిగిందని గ్రహించింది" అంటాం. ఆ చోట "పసిగట్టింది" అని పెట్టి చూడండి, అమ్మ కాస్తా పోలీసు అయిపోతుంది. జరిగిన పని ఒకటే. చూపు వేరు. పదహారేళ్ల పిల్ల గదిలోకి మనం ఏ క్రియతో అడుగుపెడుతున్నామో ఆ పిల్లకు తలుపు చప్పుడులోనే తెలిసిపోతుంది.

మూడోది కనిపెట్టడం. న్యూటను కనిపెట్టాడు, దొంగను కనిపెట్టారు అంటాం. కానీ "పిల్లల్ని కాస్త కనిపెట్టుకుని ఉండు" అని పక్కింటావిడకు చెప్పి బజారుకు వెళ్లేవాళ్లు మా అమ్మావాళ్లు. అక్కడ కూపీ లాగడం లేదు, అనుమానం లేదు. కన్ను పెట్టి ఉంచడం, అంతే. పెరిగే పిల్లలకు కావలసింది ఈ రెండో కనిపెట్టడం. ఫోను తీసి చూసి కనిపెట్టేది కాదు, భోజనాల దగ్గర కూర్చుని కనిపెట్టుకుని ఉండేది. ఇది నిదానమైన పని. సాక్ష్యాలేమీ దొరకవు. కానీ పిల్ల తనంతట తాను వచ్చి చెప్పే రోజున వినడానికి మనం అక్కడ ఉంటాం.

చివరిగా ఒక దిగులు. ఈ మధ్య మనం అన్నిటికీ ‘ఫీలయ్యాను’ అంటున్నాం. ఇంగ్లిషు మాట వచ్చినందుకు నాకు బాధ లేదు. భాషలో కొత్త మాటలు రావాలి. కానీ ఇది ఒక్కటి వచ్చి ఎన్నిటిని మింగిందో చూడండి. బాధపడ్డాను, నొచ్చుకున్నాను, చిన్నబుచ్చుకున్నాను, చివుక్కుమంది, కష్టంగా తోచింది, అలా అనిపించింది. "వదిన ఫీలైంది" అంటే ఏమైంది? నొచ్చుకుని ఉంటే వెళ్లి క్షమించమనాలి. చిన్నబుచ్చుకుని ఉంటే నలుగురిలో ఆవిడను గౌరవించాలి. ఉత్తినే అలా అనిపించి ఉంటే కూర్చుని మాట్లాడితే చాలు. జబ్బుకు సరైన పేరు పెట్టకుండా మందు ఎలా ఇస్తాం? మీకు ఈసారి మనసు కలతపడినప్పుడు ‘ఫీలయ్యాను’ అని ఆగిపోకండి. ఇందాకటి ఆరు మాటల్లో ఏదో ఎంచుకోండి. ఎంచుకునే లోపే సగం కలత దిగుతుంది, మడ్డి దిగినట్టు.

ఆ ఆరింటిలో ‘అనిపించు’ను మాత్రం జాగ్రత్తగా వాడాలి. అది ‘అను’ నుంచి పుట్టింది. ‘అనుకొను’ అంటే తనతో తాను అనడం. ‘అనిపించు’ అంటే లోపలినుంచి ఏదో అనేలా చేయడం. రెండింటికీ మూలం మన లోపలే ఉంది, బయట లేదు. "నన్ను చిన్నచూపు చూస్తున్నారనిపించింది" అనడం నిజాయితీ. "నన్ను చిన్నచూపు చూస్తున్నారని తెలుసు" అనడం తీర్పు. ఈ రెండు వాక్యాలతో మొదలయ్యే సంభాషణలు ఒకే చోట ముగియవు.

సాధన ఎలా అంటారా? ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. రోజూ రాత్రి, ఆ రోజు మీరు ‘తెలుసు’ అన్న సందర్భం ఒక్కటి గుర్తుచేసుకుని రాయండి. పక్కన, అది మీకు నిజంగా ఎలా తెలిసిందో ఇంకో క్రియతో రాయండి: చూశాను, విన్నాను, చదివాను, ఊహించాను, అనిపించింది, అనుకున్నాను. వారం చాలు. నా మొదటి వారంలో ఏడింటికి ఐదు ‘అనుకున్నాను’లు తేలాయి. ఆ ఐదింటిలో రెండు, మనుషుల మీద నేను ఏళ్ల తరబడి పెట్టుకున్న నమ్మకాలు.

చెప్పే వైపు ఉన్నవాళ్లు, అంటే టీచర్లు, ఆఫీసులో పని అప్పగించేవాళ్లు, మందులిచ్చేవాళ్లు, "అర్థమైందా?" అన్న ప్రశ్నను వీలైనంత వరకు మానెయ్యండి. దానికి మనవాళ్ల దగ్గర ఒకటే జవాబుంది: "అయింది." కథ వింటూ ఊఁ కొట్టడం లాంటిది అది. పెద్దవాళ్లు అడిగితే కాలేదని చెప్పడం మర్యాద కాదని మన పెంపకం. దానికి బదులు "ఇప్పుడు నువ్వేం చేస్తావో నాకు చెప్పు" అనండి. అందులో ‘నువ్వు’ ఉంది, చెయ్యాల్సిన పని ఉంది. వినే వైపు ఉన్నవాళ్లు వాళ్లు అడిగేదాకా ఆగకండి. "నాకు అర్థమైనదేమిటో ఒకసారి చెబుతాను, సరిగ్గా ఉందో లేదో చూడండి" అని మీరే మొదలుపెట్టండి.

నెల తిరిగాక నాన్నను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మందులు రెండు మారాయి. ఆయన చెప్పడం పూర్తిచేసి "అర్థమైందామ్మా?" అన్నారు. బయట ఇంకా ఇరవై మంది కూర్చుని ఉన్నారు. నాకు మొహమాటంగానే ఉంది. అయినా చీటీ బల్ల మీద పెట్టి, ఒక్కొక్క మందు మీద వేలు పెట్టి, "ఇది పొద్దున పరగడుపున, ఇది మధ్యాహ్నం తిన్నాక, ఈ సగం బిళ్ల రాత్రి పడుకునేముందు" అని అప్పజెప్పాను. ఆయన తల ఊపుతూ వింటున్నవారు మూడో దాని దగ్గర ఆగారు. "సగం కాదమ్మా, ఇప్పుడు ఒకటి. సగం పాత చీటీలోది" అని కలం తీసుకుని ‘ఒకటి’ అని తెలుగులో పెద్దగా రాసి, దాని చుట్టూ సున్నా చుట్టారు.